శాచురేషన్ 97, అయినా మత్తు: నిద్రలో శ్వాస చాలని రోగి కేసు

ఒకే రకం ఇబ్బందితో వచ్చే రోగుల లక్షణాలనూ కొలతలనూ కలిపి, ఒక్క రోగి కేసుగా అమర్చి రాసింది ఇది. రక్తంలోని వాయువుల అంకెలన్నీ మిల్లీమీటర్ల పాదరసంలో, మెషీన్ ప్రెషర్లన్నీ సెంటీమీటర్ల నీటి పీడనంలో ఉన్నాయి.

వచ్చినప్పటి స్థితి

54 ఏళ్ల గృహిణి. ఎత్తు 152 సెం.మీ., బరువు 98 కిలోలు, బీఎంఐ 42. నెలసరి ఆగి ఆరేళ్లయింది. బీపీకి టెల్మిసార్టాన్, ఆమ్లోడిపిన్ వాడుతున్నారు. ఏడాదిన్నరగా నాలుగు అడుగులు వేస్తే ఆయాసం, సాయంత్రానికి కాళ్ల వాపు. మొదట ఆస్తమా అనుకుని ఇన్‌హేలర్ ఇచ్చారు. అది పనిచేయకపోతే గుండెకు సంబంధించింది అనుకుని వాపు తగ్గించే టోర్సెమైడ్ 20 మి.గ్రా. మొదలుపెట్టారు. నిద్ర పట్టట్లేదంటే రెండేళ్ల కిందట రాసిన ఆల్‌ప్రజోలమ్ 0.5 మి.గ్రా. రోజూ రాత్రి వేసుకుంటూనే ఉన్నారు. వెల్లకిలా పడుకుంటే ఊపిరాడక ఏడాదిగా వాలుకుర్చీలోనే నిద్ర. మూడు వారాల కిందట శాచురేషన్, అంటే రక్తంలో ఆక్సిజన్ నిండిన శాతం, 84 కనబడటంతో ఇంట్లో ఆక్సిజన్ కాన్సన్‌ట్రేటర్ పెట్టి, నిమిషానికి 3 లీటర్లు రాత్రంతా ఇవ్వమన్నారు.

అప్పటి నుంచి వేలి ఆక్సిమీటర్ 96, 97 చూపిస్తోంది. ఇంట్లోవాళ్లు కుదుటపడ్డారు. కానీ పొద్దున తలనొప్పి మాత్రం పెరిగింది. మాట్లాడుతూ మాట్లాడుతూనే కునుకు తీస్తున్నారు. "రాత్రి రెండు మూడుసార్లు తట్టి పిలిస్తేగానీ పలకట్లేదండి" అని భర్త చెప్పారు. గురక సంగతి ఆయన చెప్పలేదు. అడిగితే, "అది ఎప్పటి నుంచో ఉన్నదేగా" అన్నారు. ఫోన్‌లో తీసిన రెండు నిమిషాల వీడియోలో గురక ఆగి, ఛాతీ కదులుతున్నా గాలి చప్పుడు లేకుండా సుమారు అర నిమిషం గడిచి, ఒక్క కుదుపుతో మళ్లీ ఊపిరి అందుకోవడం స్పష్టంగా ఉంది. ఇలాంటి వీడియో తెమ్మని ప్రతి రోగికీ చెప్పాలి. గురక కంటే గురక ఆగిన చోటే ముఖ్యం.

పరీక్షలో మెడ చుట్టుకొలత 43 సెం.మీ., నోరు తెరిస్తే కొండనాలుక కనబడనంత ఇరుకు, శ్వాస నిమిషానికి 24, బీపీ 160/94, కళ్లు ఎర్రబడి ఉన్నాయి. చేతులు చాపమంటే మణికట్లు రెక్కల్లా కొట్టుకుంటున్నాయి. ఊపిరితిత్తుల్లో పిల్లికూతలు లేవు. ఎప్‌వర్త్ నిద్రమత్తు స్కోరు 24కి 17. పది దాటితేనే ఎక్కువ అంటాం. స్లీప్ అప్నియా (నిద్రలో శ్వాస ఆగిపోవడం) ఉందేమో తెలుసుకోవడానికి అడిగే స్టాప్‌బ్యాంగ్ ప్రశ్నల్లో ఎనిమిదింటికి ఏడు వచ్చాయి. మగవారా అన్న ఒక్క ప్రశ్నే తప్పింది.

3 లీటర్ల ఆక్సిజన్ మీదే మణికట్టు ధమని నుంచి రక్తం తీస్తే: పీహెచ్ 7.34, కార్బన్ డయాక్సైడ్ 64, ఆక్సిజన్ 78, బైకార్బొనేట్ 33.

ఆక్సిమీటర్ ఎందుకు మోసం చేసింది

ఆక్సిజన్ లోపలికి చేరడం ఒక పని, కార్బన్ డయాక్సైడ్‌ను బయటికి ఊదేయడం మరో పని. ఆక్సిమీటర్ మొదటిదాన్నే కొలుస్తుంది. మామూలు గాలి పీలుస్తున్నప్పుడు రెండూ ముడిపడి ఉంటాయి కాబట్టి, శ్వాస తగ్గితే శాచురేషన్ కూడా పడి మనకు తెలిసిపోతుంది. ఆక్సిజన్ కలిపిన వెంటనే ఆ ముడి తెగిపోతుంది.

లెక్క వేసి చూద్దాం. మామూలు గాలిలో ఊపిరితిత్తుల గాలిగదుల్లో ఉండే ఆక్సిజన్ పీడనం, సుమారుగా 150 నుంచి కార్బన్ డయాక్సైడ్‌ను 0.8తో భాగించిన అంకె తీసేస్తే వస్తుంది. కార్బన్ డయాక్సైడ్ 80కి చేరితే 150 లోంచి 100 పోయి 50 మిగులుతుంది. శాచురేషన్ 80కి అటూ ఇటూ పడిపోయి ఆక్సిమీటర్ మోగుతుంది. అదే రోగి 30 శాతం ఆక్సిజన్ పీలుస్తుంటే 150 బదులు 214 నుంచి మొదలుపెడతాం. 100 పోయినా 114 మిగులుతుంది. ప్రాణం మీదికి వచ్చేంత కార్బన్ డయాక్సైడ్ ఉన్నా వేలి మీద 97 కనబడుతుంది.

దాచడంతో ఆగదు, ఆక్సిజన్ దాన్ని పెంచుతుంది కూడా. ఇలాంటి రోగిలో ఊపిరి తీయమని మెదడును తట్టే సంకేతాల్లో ఆక్సిజన్ కొరతకు పెద్ద వాటా ఉంటుంది; అది తీరిపోగానే శ్వాస నెమ్మదిస్తుంది. గాలి సరిగా చేరని భాగాల్లో ముడుచుకుని ఉన్న రక్తనాళాలు ఆక్సిజన్‌కు తెరుచుకుని, రక్తం అటు మళ్లి వృథా అవుతుంది. హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌తో నిండేకొద్దీ పట్టుకున్న కార్బన్ డయాక్సైడ్‌ను వదిలేస్తుంది. మూడూ ఒకే వైపు తోస్తాయి.

అందుకే వార్డులో మొదటి పని ఆక్సిజన్ తగ్గించడం. లక్ష్యం 88 నుంచి 92. నిమిషానికి 1 లీటరుకు దించితే 90 దగ్గర నిలబడింది. ఆ రాత్రే బైపాప్ (మాస్క్ ద్వారా రెండు ప్రెషర్లతో గాలి తోసే మెషీన్) 16/8 మీద, అంటే పీల్చేటప్పుడు 16, వదిలేటప్పుడు 8 మీద పెట్టారు. రెండు రాత్రుల తర్వాత మత్తు తగ్గి, మాట తేరింది. నాలుగో రోజు మెలకువలో, మామూలు గాలి మీద: పీహెచ్ 7.35, కార్బన్ డయాక్సైడ్ 58, ఆక్సిజన్ 54, బైకార్బొనేట్ 31.

పగటి పరీక్షలు చెప్పినవి

ఊబకాయంతో పాటు మెలకువలోనే కార్బన్ డయాక్సైడ్ 45 దాటి, నిద్రలో శ్వాసలోపం ఉండి, దీనికి వేరే కారణం లేకపోతే ఒబేసిటీ హైపోవెంటిలేషన్ అంటారు. అసలు శ్రమంతా ఆ "వేరే కారణం లేకపోతే" అన్న మాట దగ్గరే. గాలి ఊదే పరీక్ష స్పైరోమెట్రీలో, మొదటి సెకనులో ఊదిన గాలికీ మొత్తానికీ నిష్పత్తి 0.81, ఊదిన మొత్తం గాలి ఉండాల్సిన దాంట్లో 68 శాతం. అంటే గొట్టాలు మూసుకుపోయిన జబ్బు కాదు, ఛాతీ తెరుచుకోవడానికి బరువు అడ్డం. కూర్చుని ఊదిన దానికీ పడుకుని ఊదిన దానికీ తేడా 9 శాతమే. 25 శాతం దాటి పడి ఉంటే డయాఫ్రమ్ కండరం బలహీనమేమో అని వెతకాల్సి వచ్చేది. థైరాయిడ్ మామూలే. హిమోగ్లోబిన్ 16.8, ఆడవారిలో ఈ అంకె చూస్తే రాత్రిపూట ఆక్సిజన్ కొరత ఎన్నాళ్లుగానో ఉందని అర్థం. ఎకోలో గుండె పంపింగ్ 60 శాతం, కానీ కుడి జఠరిక పెద్దదై, ఊపిరితిత్తుల రక్తనాళాల్లో పీడనం 55. కాళ్ల వాపు ఎడమ గుండె నుంచి వచ్చింది కాదు.

బైకార్బొనేట్ గురించి కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే ధమని రక్తం తీయలేని చిన్న ఆసుపత్రిలో కూడా మామూలు ఎలక్ట్రోలైట్ల పరీక్షతో ఇది తెలుస్తుంది. కార్బన్ డయాక్సైడ్ రోజుల తరబడి ఎక్కువగా ఉంటే మూత్రపిండాలు బైకార్బొనేట్ పోగేసి పీహెచ్‌ను కాపాడతాయి. ప్రతి 10 పెరుగుదలకు సుమారు 4 పెరుగుతుంది. 58 అంటే మామూలు కంటే 18 ఎక్కువ, అంటే 24కు 7 కలిపి 31. కొలిచిందీ అదే. ఊబకాయం ఉన్నా ఈ జబ్బు అనుమానం అంతగా లేని రోగిలో బైకార్బొనేట్ 27 కంటే తక్కువ ఉంటే ధమని రక్తం తీయకుండానే దాన్ని దాదాపు తోసిపుచ్చవచ్చు. గట్టి అనుమానం ఉంటే మాత్రం తీయాల్సిందే. ఈ రోగిలో ఇంకో చిక్కు ఉంది: టోర్సెమైడ్ కూడా బైకార్బొనేట్‌ను పెంచుతుంది. చేరినప్పుడు పొటాషియం 3.2, క్లోరైడ్ 90. వాపు మందు వల్ల పెరిగిన బైకార్బొనేట్ మెదడుకు "అంతా బాగుంది" అని తప్పుడు కబురు పంపి శ్వాసను ఇంకా మందగింపజేస్తుంది. టోర్సెమైడ్‌ను 10 మి.గ్రా.కు తగ్గించి, పొటాషియం క్లోరైడ్ ఇచ్చారు.

నిద్రపోతే శ్వాసకు ఏమవుతుంది

ఆరోగ్యవంతుల్లోనూ నిద్ర పట్టగానే శ్వాస తగ్గుతుంది. నిమిషానికి పీల్చే గాలి అర లీటరు నుంచి ఒకటిన్నర లీటరు మేర తగ్గుతుంది, కార్బన్ డయాక్సైడ్ 2 నుంచి 8 పాయింట్ల మేర పెరుగుతుంది, శాచురేషన్ ఒకటి రెండు పాయింట్లు తగ్గుతుంది. మెలకువగా ఉండటమే శ్వాసకు ఒక ప్రేరణ, అది పోతుంది. గొంతును తెరిచి పట్టుకునే కండరాలు సడలి దారి ఇరుకవుతుంది. కార్బన్ డయాక్సైడ్ పెరిగితే స్పందించే చురుకు కూడా తగ్గుతుంది.

నిద్ర దశను బట్టి ఇది మారుతుంది. కునుకు పట్టే ఎన్1, ఎన్2 మొదట్లో మెలకువకూ నిద్రకూ మధ్య ఊగిసలాటలో శ్వాస పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. అప్పుడప్పుడు ఒకటి రెండు విరామాలు కనిపించినా జబ్బు కాదు. గాఢమైన ఎన్3లో శ్వాస గడియారంలా నడుస్తుంది. అప్నియా రోగుల్లో కూడా కొంత నిలకడ కనిపించేది ఇక్కడే. కలలొచ్చే రెమ్ నిద్రలో డయాఫ్రమ్, కంటి కండరాలు తప్ప దాదాపు ఒళ్లంతా చచ్చుబడినట్టవుతుంది. పక్కటెముకల మధ్య కండరాలు సాయం మానేస్తాయి. శ్వాస వేగం, లోతు ఎగుడుదిగుడవుతాయి. బరువైన పొట్ట డయాఫ్రమ్‌ను పైకి నెడుతుంటే, ఆ ఒక్క కండరమే భారమంతా మోయాలి. ఈమె ఏడాదిగా వాలుకుర్చీ ఎందుకు వెతుక్కున్నారో ఇక్కడే తెలుస్తుంది: కూర్చుంటే పొట్ట కిందికి జారుతుంది, ఊపిరి వదిలాక లోపల మిగిలే గాలి పెరుగుతుంది, ఆ గాలి శ్వాసనాళాన్ని కిందికి లాగి గొంతును బిగుతుగా పట్టి ఉంచుతుంది.

గొంతు మూసుకోవడం ఒక్కటే అయితే చాలామందిలో పగటి కార్బన్ డయాక్సైడ్ పెరగదు. ఎందుకంటే ప్రతి విరామం తర్వాత నాలుగు పెద్ద ఊపిర్లు తీసి పోగైనదాన్ని వదిలించుకుంటారు. విరామం అర నిమిషం, మధ్యలో ఊపిరి తీసే వ్యవధి 10 సెకన్లే అయితే ఆ వదిలించుకోవడం పూర్తి కాదు. ప్రతిసారీ కొంత బాకీ మిగిలి రాత్రంతా అప్పు పెరుగుతుంది. పగలంతా ఊదినా తీరనంత అప్పు మిగిలితే మూత్రపిండాలు బైకార్బొనేట్‌తో సర్దుకుంటాయి, ఆ సర్దుబాటే మర్నాటి రాత్రి మెదడును ఇంకా మొద్దుబారుస్తుంది. దీనికి ఆల్‌ప్రజోలమ్ తోడైంది. అది గొంతు కండరాలను సడలించి, విరామం నుంచి తేరుకుని లేచే మెలకువను ఆలస్యం చేస్తుంది. నెలసరి ఆగిపోవడం మరో తోడు. శ్వాసను ప్రేరేపించే ప్రొజెస్టిరాన్ అప్పటి దాకా ఉన్న రక్షణ. ఆడవారు గురక, పగటి మత్తు అని కాకుండా నిద్ర పట్టట్లేదు, తలనొప్పి, నీరసం అని చెబుతారు. చేతికి నిద్రమాత్ర వస్తుంది. ఈ కేసులో జరిగిందీ అదే.

స్లీప్ స్టడీ, మొదటి సగం

ఐదో రాత్రి ల్యాబ్‌లో పూర్తి స్థాయి స్టడీ. తలకు ఈఈజీ, కళ్లకు, గడ్డానికి, కాళ్లకు లీడ్లు, ముక్కు దగ్గర రెండు రకాల గాలి సెన్సర్లు, ఛాతీకీ పొట్టకీ వేర్వేరు బెల్టులు, ఆక్సిమీటర్, పడుకున్న భంగిమ సెన్సర్, చర్మం మీద కార్బన్ డయాక్సైడ్ సెన్సర్. ముక్కులో రెండు సెన్సర్లు ఎందుకంటే, గాలి వేడిని చూసేది అప్నియాను, అంటే పూర్తి విరామాన్ని పట్టడానికి. ప్రెషర్‌ను చూసేది హైపాప్నియాను, అంటే పాక్షిక విరామాన్ని పట్టడానికి. గాలి 90 శాతం తగ్గి 10 సెకన్లు నిలిస్తే అప్నియా. 30 శాతం తగ్గి 10 సెకన్లు నిలిచి, దాంతో శాచురేషన్ 3 పాయింట్లు పడినా మెదడు ఉలిక్కిపడినా హైపాప్నియా. శాచురేషన్ 4 పడితేనే లెక్కించే ల్యాబ్‌లూ ఉన్నాయి, కాబట్టి రెండు రిపోర్టులు పోల్చే ముందు ఏ నియమంతో లెక్కించారో చూడాలి. ఛాతీ, పొట్ట కదులుతుంటే గొంతు అడ్డం. కదలకపోతే మెదడు ఆదేశమే రాలేదు.

చర్మపు సెన్సర్ 42, 43 డిగ్రీలకు వేడెక్కి పనిచేస్తుంది. అర్ధరాత్రి చోటు మార్చకపోతే చర్మం కందుతుంది, అంకె కూడా జారుతుంది. మొదలుపెట్టేటప్పుడు ధమని రక్తంతో ఒకసారి సరిచూసుకోవాలి. ఇక్కడ సెన్సర్ 57, రక్తం 58.

స్టడీ మామూలు గాలి మీదే మొదలైంది. ఆల్‌ప్రజోలమ్ మాత్రను ఆ రాత్రీ వేయించి, చార్టులో రాశారు. రోజూ వేసుకునే మాత్రను స్టడీ రాత్రి ఆపేస్తే వచ్చే నిద్ర ఇంట్లో నిద్ర కాదు.

140 నిమిషాల నిద్రలో 135 సంఘటనలు: 92 హైపాప్నియాలు, 39 గొంతు మూసుకున్న అప్నియాలు, 4 సెంట్రల్ అప్నియాలు. ఏహెచ్ఐ, అంటే గంట నిద్రకు ఇలాంటి సంఘటనల సంఖ్య, 58. రెమ్ కాని నిద్రలో 55, రెమ్‌లో 86. వెల్లకిలా 75, పక్కకు తిరిగితే 36. పొడవైన విరామం 71 సెకన్లు, రెమ్‌లోనే. శాచురేషన్ కనిష్ఠం 54. నిద్రలో 91 శాతం సమయం 90 కంటే దిగువే.

ఇక్కడ రిపోర్టు మొదటి పేజీ చూసి "తీవ్రమైన స్లీప్ అప్నియా" అని రాసి ముగిస్తే సగం జబ్బు వదిలేసినట్టే. ఏహెచ్ఐ 58 ఉండి పగటి వాయువులు బాగానే ఉన్నవారు ఎంతోమంది. ఈమె గ్రాఫులో తేడా సంఘటనల మధ్య ఉంది: విరామం అయిపోయి ఊపిరి అందుకున్నాక కూడా శాచురేషన్ తిరిగి మొదటి గీతకు రావట్లేదు. కార్బన్ డయాక్సైడ్ మెలకువలో 57, రెమ్ కాని నిద్రలో 63, రెమ్‌లో 74. పెద్దవారిలో 55 దాటి 10 నిమిషాలు నిలిచినా, మెలకువలో ఉన్న దాని కంటే 10 పెరిగి 50 దాటి 10 నిమిషాలు నిలిచినా నిద్రలో శ్వాస చాలట్లేదనే లెక్క. రెండు రకాలుగానూ ఆ గీత దాటింది. పెరుగుతూ తగ్గుతూ అలల్లా వచ్చే చెయిన్-స్టోక్స్ శ్వాస ఎక్కడా లేదు. గుండె పంపింగ్ బలహీనమైతే తరచూ కనిపించేది అది; ఇక్కడ పంపింగ్ మామూలే కాబట్టి పొంతన కుదిరింది.

రెండు గంటల నిద్ర దొరికింది, ఏహెచ్ఐ 40 దాటింది, ఇంకా మూడు గంటలకు పైగా రాత్రి మిగిలింది. అందుకే అదే రాత్రి రెండో సగంలో ప్రెషర్ తేల్చే పని మొదలైంది.

ప్రెషర్ తేల్చడం

ఒకే ప్రెషర్‌తో ఎడతెగకుండా గాలి తోసే సీపాప్ 4తో మొదలు. ఐదు నిమిషాలకు తగ్గకుండా ఆగుతూ, రెండు అప్నియాలు గానీ మూడు హైపాప్నియాలు గానీ మూడు నిమిషాల పెద్ద గురక గానీ కనిపించినప్పుడల్లా 1 పెంచుతూ పోవాలి. 10 దగ్గర అప్నియాలు పోయాయి. 13 దగ్గర హైపాప్నియాలు, గురక కూడా పోయాయి. గాలి గీత గుండ్రంగా, నిండుగా వచ్చింది. గొంతు తెరుచుకుందన్నమాట.

అయినా శాచురేషన్ 86, 87 దగ్గరే కూర్చుంది. కాసేపటికి రెమ్ వచ్చింది. ఒక్క విరామం లేదు, ఒక్క గురక లేదు, శాచురేషన్ 76 నుంచి 80 మధ్య చదునుగా నిలిచిపోయింది. కార్బన్ డయాక్సైడ్ 70. ఈ కేసు మొత్తంలో అతి విలువైన పది నిమిషాలు ఇవే. గొంతు అనే అడ్డంకిని తీసేశాక మిగిలిన లోపం ఇక్కడ ఒంటరిగా కనబడింది.

ఇలాంటి చోట టెక్నీషియన్లు చేసే రెండు పొరపాట్లు ఉన్నాయి. ఒకటి, సీపాప్‌ను 14, 15, 16 అంటూ పెంచుకుంటూ పోవడం. తెరుచుకున్న గొంతును ఇంకా తెరిచి లాభం లేదు. రెండోది, ఆక్సిజన్ కలిపేసి శాచురేషన్‌ను 92కి తెచ్చి, "సరిపోయింది" అని రాసేయడం. అది మూడు వారాలుగా ఇంట్లో జరిగిన పనే.

బైపాప్‌కు మార్చారు. ఊపిరి వదిలేటప్పటి ప్రెషర్, అంటే ఈపాప్, గొంతును తెరిచి ఉంచేందుకు. ఊపిరి పీల్చేటప్పటి ప్రెషర్, అంటే ఐపాప్, దానికి పైన ఎంత ఉంటే అంత తోపు. ఈపాప్ 11 మీద ఉంచి, ఐపాప్ 17తో మొదలుపెట్టారు. ఒక్కో ఊపిరికి వచ్చే గాలి 240 మి.లీ. ఎత్తును బట్టి ఈమె ఆదర్శ బరువు 45 కిలోలు. కిలోకు 6 నుంచి 8 మి.లీ. చొప్పున 270 నుంచి 360 రావాలి. ఇక్కడ 98తో గుణిస్తే లక్ష్యం 780 దాకా పోతుంది. ఊపిరితిత్తులు బరువుతో పాటు పెరగవు కదా. ఐపాప్‌ను రెండేసి పెంచుతూ 21కి వచ్చేసరికి 340 మి.లీ., కార్బన్ డయాక్సైడ్ దిగడం మొదలైంది.

25కి పెంచి చూసినప్పుడు వ్యవహారం తిరగబడింది. మాస్క్ లీక్ నిమిషానికి 48 లీటర్లకు చేరింది, ఉలికిపాట్లు పెరిగాయి, ఎన్2లో ఛాతీ కదలని విరామాలు వరసగా కనిపించాయి. నిద్రలో ప్రతి మనిషికీ ఒక గట్టు ఉంటుంది: తాను నిలబడ్డ కార్బన్ డయాక్సైడ్ మట్టం కంటే కొద్దిగా కిందికి, 2 నుంచి 6 దాకా దించితే మెదడు ఊపిరి ఆదేశాన్నే ఆపేస్తుంది. తోపు ఎక్కువై ఆ గట్టు దాటింది. మెషీన్ తనంతట తాను ఊపిరి ఇచ్చినా స్వరపేటిక మూసుకుని ఉంటే గాలి లోపలికి పోదు, మాస్క్ అంచుల నుంచి పోతుంది. 22కి దించారు, విరామాలు ఆగాయి.

బ్యాకప్ రేటు, అంటే రోగి ఊపిరి తీయకపోయినా మెషీన్ నిమిషానికి ఇచ్చే కనీస ఊపిర్లు, 16. ఆమె సొంత శ్వాస నిద్రలో నిమిషానికి 18, 20 ఉంటోంది కాబట్టి దానికి కొంచెం దిగువ. పీల్చే సమయం 1.2 సెకన్లు, ఊపిరి చక్రంలో 30 నుంచి 40 శాతం ఉండాలన్నది లెక్క. చివరికి 22/11, రేటు 16 మీద 22 నిమిషాల రెమ్ దొరికింది. శాచురేషన్ 86, 87 దగ్గర ఐదు నిమిషాలకు పైగా ఆగడంతో అప్పుడు మాత్రమే నిమిషానికి 1 లీటరు ఆక్సిజన్ కలిపారు. 89 నుంచి 91 మధ్య నిలబడింది. కార్బన్ డయాక్సైడ్ 58.

74 నుంచి ఒకే రాత్రి 45కి దించాలని చూడకూడదు. పోగైన బైకార్బొనేట్‌ను మూత్రపిండాలు వదలడానికి రోజులు పడుతుంది. ఈలోగా కార్బన్ డయాక్సైడ్‌ను బలవంతంగా దించితే రక్తం క్షారం వైపు ఒరిగి, శ్వాస విరామాలు, కండరాల పట్లు వస్తాయి.

అందరికీ బైపాప్ కావాలా అంటే, అవసరం లేదు. నిలకడగా ఉండి, ఓపీకి నడిచి వచ్చి, తీవ్రమైన అప్నియా తోడుగా ఉన్న ఒబేసిటీ హైపోవెంటిలేషన్ రోగుల్లో సీపాప్‌తోనే మొదలుపెట్టమని అమెరికన్ థొరాసిక్ సొసైటీ 2019 మార్గదర్శకాలు చెబుతాయి. నెలల తర్వాత ఫలితాలు ఇంచుమించు ఒకేలా ఉంటున్నాయి. బ్యాకప్ రేటున్న బైపాప్ ఖరీదు చాలా ఎక్కువ కాబట్టి మన దగ్గర ఈ తేడా చిన్న సంగతి కాదు. ఈమె మత్తుతో ఆసుపత్రిలో చేరారు, సీపాప్ 13 మీద రెమ్‌లో చాలలేదని కళ్లెదుట తేలింది. అందుకే బైపాప్.

ఇంట్లో

రెండు వారాలకు వాడకం నమోదయ్యే మెషీన్ కార్డు తెస్తే సగటు వాడకం రాత్రికి 3 గంటల 10 నిమిషాలు, లీక్ ఎక్కువ. మెషీన్‌ను తిట్టుకునే ముందు మాస్క్ చూడాలి. ఐపాప్ 22 ఉంటే నోటి నుంచి గాలి పోతుంది కాబట్టి ముక్కూ నోరూ కప్పే మాస్కే ఇచ్చారు, కానీ సైజు మీడియం. పైకి జారి కళ్లలోకి గాలి కొడుతోంది. స్మాల్ సైజుకు మార్చారు. ముక్కుపుడక మీద కుషన్ ఒకవైపు లేస్తోంది. రాత్రి తీసి పెట్టమంటే మొదట ఒప్పుకోలేదు, పుండు పడ్డాక ఒప్పుకున్నారు. తలకు నూనె రాసి పడుకుంటే పట్టీలు జారతాయి, ముఖానికి రాసే క్రీములు సిలికాన్ కుషన్‌ను పాడుచేస్తాయి. వెనక ముడి వేసుకుంటే పట్టీ దాని మీదెక్కి ఎత్తుగా నిలుస్తుంది. జడ వేసుకుని పక్కకు వేసుకోమన్నారు. పట్టీలు బిగించాల్సింది కూర్చుని కాదు, పడుకుని, మెషీన్ పూర్తి ప్రెషర్ మీద ఉండగా. రెండు వేళ్లు దూరేంత వదులుండాలి.

లీక్ అంకె చదివేటప్పుడు ఒక జాగ్రత్త. ఊదిన గాలి పోవడానికి మాస్క్‌కు కావాలనే రంధ్రాలుంటాయి. కొన్ని మెషీన్లు ఆ లీక్ తీసేసి మిగతాదే చూపిస్తాయి, కొన్ని మొత్తం చూపిస్తాయి. మొదటి రకంలో నిమిషానికి 24 లీటర్ల లోపు ఉంటే చాలు. రెండో రకంలో అదే 24 చూసి కంగారుపడనక్కర్లేదు. ఆ రంధ్రాలను చప్పుడు చేస్తున్నాయని ప్లాస్టర్‌తో మూసేసినవారూ ఉన్నారు; అలా చేస్తే వదిలిన గాలినే మళ్లీ పీలుస్తారు.

ఆక్సిజన్ గొట్టం మెషీన్ నుంచి గాలి బయటికి వచ్చే చోట, మధ్య అడాప్టర్‌తో కలపాలి. ముందు బైపాప్ వేసి, తర్వాత కాన్సన్‌ట్రేటర్. ఆపేటప్పుడు ముందు కాన్సన్‌ట్రేటర్, తర్వాత బైపాప్. తారుమారైతే ఆక్సిజన్ మెషీన్ లోపలికి చేరి నిప్పు ప్రమాదం. కరెంటు పోతే మారే క్షణంలో మెషీన్ ఆగిపోతోందని చెప్పారు. ఇన్వర్టర్ వెనక స్విచ్ యూపీఎస్ మోడ్‌కు మారిస్తే సరిపోయింది. కరెంటు లేనప్పుడు గాలికి తేమ కలిపే హ్యూమిడిఫయర్ వేడిని ఆపేస్తే బ్యాటరీ తెల్లారేదాకా వస్తుంది. హ్యూమిడిఫయర్‌లో డిస్టిల్డ్ వాటరే పోయాలి. ఏసీ గదిలో గొట్టంలో నీళ్లు పట్టి గుడగుడలాడితే గొట్టాన్ని దుప్పటి కింద ఉండేలా పెట్టుకోవాలి, లేదా వేడి ఒక మెట్టు తగ్గించాలి.

ఆల్‌ప్రజోలమ్ రెండేళ్లుగా వాడుతున్నారు కాబట్టి ఒక్కసారిగా ఆపకూడదు, ఫిట్స్ రావచ్చు. రెండు వారాలకోసారి 0.125 మి.గ్రా. చొప్పున తగ్గించి, ఎనిమిది వారాలకు మాన్పించారు. బైపాప్ మీద నిద్ర పట్టడం మొదలయ్యాకే ఈ తగ్గింపు మొదలుపెట్టడం మేలు.

ఆరు వారాలు, మూడు నెలలు

ఆరు వారాలకు వాడకం రాత్రికి 6 గంటల 20 నిమిషాలు, మెషీన్ లెక్కలో మిగిలిన ఏహెచ్ఐ 4. మామూలు గాలి మీద: పీహెచ్ 7.38, కార్బన్ డయాక్సైడ్ 51, ఆక్సిజన్ 62, బైకార్బొనేట్ 29. ఆక్సిజన్ కలపకుండా బైపాప్ మీద ఒక రాత్రి ఆక్సిమీటర్ రికార్డు చేస్తే 90 దిగువన గడిచింది 4 శాతం సమయమే. కాన్సన్‌ట్రేటర్ తిరిగి ఇచ్చేశారు. మూడు నెలలకు పీహెచ్ 7.39, కార్బన్ డయాక్సైడ్ 46, ఆక్సిజన్ 68, బైకార్బొనేట్ 27. హిమోగ్లోబిన్ 14.6, ఊపిరితిత్తుల రక్తనాళాల పీడనం 42, ఎప్‌వర్త్ 6. పొద్దుటి తలనొప్పి మొదటి పది రోజుల్లోనే పోయింది. మంచం మీద పడుకుంటున్నారు.

బరువు మాత్రం 98 నుంచి 92కే వచ్చింది, అందులో సగానికి పైగా నీరు. ఒబేసిటీ హైపోవెంటిలేషన్ పూర్తిగా తగ్గాలంటే శరీర బరువులో 25 నుంచి 30 శాతం తగ్గాలి, అంటే 73 కిలోల లోపుకు రావాలి. తిండి, నడకతో ఈ అంకె అందుకునేవారు తక్కువ. అందుకే బరువు తగ్గించే ఆపరేషన్ గురించి మాట్లాడటం మొదలైంది. సీపాప్‌కు మార్చి చూద్దామని ఇంట్లోవాళ్లు అడిగారు. కార్బన్ డయాక్సైడ్ 45 లోపు నిలబడి, బరువు గణనీయంగా తగ్గాక, ల్యాబ్‌లో చర్మపు సెన్సర్‌తో మరో రాత్రి చూడకుండా మార్చడం కుదరదు. రెమ్‌లో ఏమవుతుందో ఇంట్లో ఆటో సీపాప్ చెప్పదు. దానికి గాలి గీత తెలుసు, కార్బన్ డయాక్సైడ్ తెలియదు.

ఆపరేషన్ అయితే సొంత మెషీన్, సొంత మాస్క్ థియేటర్ దాకా వెళ్లాలి. మత్తు వదిలాక తల వైపు 30 డిగ్రీలు ఎత్తి, రికవరీ గదిలోనే బైపాప్ తగిలించాలి. నొప్పికి మార్ఫిన్ జాతి మందులు వీలైనంత తక్కువ. పారాసిటమాల్, నరాల బ్లాకులు ముందు. ఫైలు అట్ట మీద ఎర్ర సిరాతో ఒక వాక్యం రాసి ఇచ్చారు: శాచురేషన్ లక్ష్యం 88 నుంచి 92, ఆక్సిజన్ పెంచే ముందు ధమని రక్తం తీయాలి.